మొక్కజొన్న మచ్చ, జొన్న మచ్చ

హైదరాబాదులో ఏ సౌందర్య సాధనాల దుకాణంలోకి వెళ్ళినా ఇప్పుడు నియాసినమైడ్ సీరం సీసాలు వరసగా కనిపిస్తాయి. ఐదు శాతం, పది శాతం అని అంకెలు, మచ్చలు పోతాయనీ మొహం తేటపడుతుందనీ హామీలు. చుక్కల లెక్కన మొహానికి పూసుకునే ఈ సరుకు బి3 విటమిన్‌కి ఒక రూపం. పూత సంగతి ఎలా ఉన్నా, ఇదే పదార్థం కడుపులోకి చాలినంత వెళ్ళకపోతే చర్మం ఏమైపోతుందో ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికా దక్షిణ రాష్ట్రాలు చూశాయి, ఆ తరవాత మన దక్కన్ మెట్ట ఊళ్ళు చూశాయి. ఆ జబ్బు పెల్లాగ్రా. అక్కడ మొక్కజొన్న తిన్నవాళ్ళకి వచ్చింది, ఇక్కడ జొన్న తిన్నవాళ్ళకి వచ్చింది.

దాని మీద జరిగిన రెండు పరిశోధనల్ని పక్కపక్కన పెట్టి చదవాలని చాలాకాలంగా అనిపిస్తోంది. ఒకటి, 1914 నుంచి 1929లో చనిపోయేదాకా అమెరికా ప్రజారోగ్య శాఖ వైద్యుడు జోసెఫ్ గోల్డ్‌బెర్గర్ సాగించినది. రెండోది, 1960లో హైదరాబాదు న్యూట్రిషన్ రిసెర్చ్ లేబొరేటరీస్ నుంచి సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంఠయ్య ‘లాన్సెట్’ పత్రికలో ప్రకటించిన వ్యాసం, దాని వెంట పదిహేనేళ్ళకు పైగా నడిచిన ప్రయోగాలు. పళ్ళెంలో ఏం లేదు అని గోల్డ్‌బెర్గర్ అడిగారు. పళ్ళెంలో ఉన్నది ఏం చేస్తోంది అని గోపాలన్ అడిగారు. రెండో ప్రశ్న సూక్ష్మమైనది, మొదటిది పెద్దది. నా మొగ్గు పెద్ద ప్రశ్న వైపే. అయితే ఆ మొగ్గు నిలవని చోట్లు కూడా ఉన్నాయి.

ముందు మచ్చ సంగతి. పెల్లాగ్రా ఎక్కువగా ఎండ తగిలే చోటే చర్మాన్ని పడుతుంది. ముంజేతులు, పాదాల పైభాగం, మొహం, మెడ. ఎడమ చేతికి ఎక్కడ ఉంటే కుడి చేతికీ అక్కడే, గీత గీసి హద్దు పెట్టినట్టు. మొదట ఎర్రబడి మండుతుంది, తరవాత నల్లబడి బిరుసెక్కి పొలుసులు రాలుతుంది. మెడ చుట్టూ కంటెలా ఏర్పడే పట్టీకి, 1735లో స్పెయిన్‌లోని అస్తూరియాస్‌ రైతుల్లో ఈ జబ్బును గుర్తించిన గాస్పర్ కాసల్ పేరే ఉంది. చర్మం తరవాత విరేచనాలు, ఆ తరవాత మతి చలించడం, వైద్యం అందకపోతే చావు. ఎండకి దెబ్బతిన్న కణం తనను తాను మరమ్మతు చేసుకోవడానికి నియాసిన్, అంటే బి3 విటమిన్ నుంచి తయారయ్యే పదార్థం కావాలి. అది కరువైతే రోజూ తగిలే మామూలు ఎండే కాలుస్తుంది. అందుకే అమెరికాలో చలికాలమంతా నాసి తిండి తిన్నవాళ్ళకి వసంతంలో ఎండ ముదరగానే మచ్చలు తేలేవి. ఇది చాలామందిని దారి తప్పించింది. ఏటా ఒకే రుతువులో వచ్చేదాన్ని చూస్తే అంటురోగమనో, పురుగు కుట్టిందనో అనిపించడం సహజం.

గోల్డ్‌బెర్గర్ రంగంలోకి దిగేసరికి వైద్యుల్లో చాలామంది ఆ నమ్మకంలోనే ఉన్నారు. దక్షిణ కరోలినాలోని స్పార్టన్‌బర్గ్ చుట్టుపక్కల నూలుమిల్లుల ఊళ్ళను థాంప్సన్-మెక్‌ఫాడెన్ కమిషన్ గాలించి, తిండికీ దీనికీ సంబంధం కనబడలేదనీ, ఇది అంటురోగంలా ఉందనీ తేల్చింది. వంశాల్లోనే లోపముందని సౌజాత్యవాది చార్ల్స్ డావెన్‌పోర్ట్ 1916లో రాశాడు. మచ్చ పడ్డవాళ్ళని జనం కుష్ఠురోగుల్లా దూరం పెట్టారు. గోల్డ్‌బెర్గర్‌కి ముందు కనిపించింది రోగులు కాదు, రోగం రానివాళ్ళు. పిచ్చాసుపత్రుల్లో రోగులకి వస్తోంది, వాళ్ళని రాత్రింబగళ్ళు కనిపెట్టుకుని ఉండే నర్సులకీ బంట్రోతులకీ రావడం లేదు. మిసిసిపీ రాష్ట్రం జాక్సన్‌లోని అనాథాశ్రమాల్లో ఆరు నుంచి పన్నెండేళ్ళ పిల్లలకే ఎక్కువ. అంతకన్నా చిన్నవాళ్ళకి పాలు పోస్తున్నారు, పెద్దవాళ్ళు పనిచేస్తారు గనక మాంసం దొరుకుతోంది. మధ్యవాళ్ళకి మొక్కజొన్న పిండి, బెల్లపు పాకం. ఆయన అక్కడ పాలు, గుడ్లు, చిక్కుళ్ళు ఇప్పించారు. మరుసటి వసంతానికి జబ్బు దాదాపు మాయమైంది.

ఇది చాలలేదు, జబ్బు తెప్పించి చూపించాల్సి వచ్చింది. 1915లో మిసిసిపీలోని రాంకిన్ జైలు పొలంలో, గవర్నర్ క్షమాభిక్ష ఇస్తానన్న హామీ మీద పన్నెండు మంది ఖైదీలు ఒప్పుకున్నారు. ఏప్రిల్ నుంచి అక్టోబరు చివరిదాకా మొక్కజొన్న, బియ్యం, మైదా రొట్టె, చిలగడదుంప, పాకం, కాస్త ఆకుకూర. ఆఖరిదాకా నిలిచిన పదకొండు మందిలో ఆరుగురికి మచ్చలు లేచాయి. విమర్శకులు వదల్లేదు. మచ్చలు మొదట వృషణాల మీద కనబడ్డాయి, అక్కడ ఎండెక్కడిదని ఎత్తిపొడిచారు. 1916లో ఆయన, సహచరులు రోగుల రక్తం ఎక్కించుకున్నారు, చర్మపు పొలుసులూ మలమూ పిండిలో కలిపి మింగారు. భార్య మేరీ కూడా రక్తం ఎక్కించుకుంది. ఎవరికీ పెల్లాగ్రా రాలేదు.

ఈ ఘట్టాలే అందరూ చెప్పుకుంటారు, సాహసం ఉంది గనక. విమర్శకుడిగా నాకు ఇవి గోల్డ్‌బెర్గర్ గొప్పతనానికి రుజువులుగా తోచవు. స్వేచ్ఛ ఎర చూపి ఖైదీల ఒంటి మీద రోగం పుట్టించడాన్ని ఈనాడు ఏ నైతిక సంఘమూ ఒప్పుకోదు, ఒప్పుకోకూడదు. పెద్ద పని ఆ తరవాత, ఆర్థికవేత్త ఎడ్గర్ సిడెన్‌స్ట్రికర్‌తో కలిసి చేసింది. దక్షిణ కరోలినాలో ఏడు మిల్లు ఊళ్ళు ఎంచుకుని ఇంటింటా ఎవరి సంపాదన ఎంత, ఏ దుకాణంలో ఏం కొన్నారు, ఇంట్లో ఆవు ఉందా, దొడ్డి ఉందా అని లెక్కలు రాసుకున్నారు. ఆదాయం తగ్గినకొద్దీ పెల్లాగ్రా పెరుగుతూ పోయింది. కమిషన్‌కి తిండితో సంబంధం కనబడని ప్రాంతంలోనే వీళ్ళకి కనబడింది. కమిషన్ ఏం తింటారని అడిగి ఊరుకుంది. వీళ్ళు ఏది ఎంత కొన్నారో తూకం వేసుకున్నారు.

అందులో ఇన్మన్ మిల్స్, న్యూరీ అనే రెండు ఊళ్ళ పోలిక నాకు చాలా ఇష్టం. రెండింట్లోనూ మిల్లు కూలీలే, కూలి డబ్బుల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఇన్మన్ మిల్స్‌లో పెల్లాగ్రా విపరీతం, న్యూరీలో లేదు. న్యూరీ చుట్టూ రకరకాల పంటలు పండించే రైతులు, వాళ్ళు తెచ్చి అమ్మే కూరగాయలు, ఏడాది పొడుగునా మాంసం దొరికే అంగడి. ఇన్మన్ మిల్స్ చుట్టూ పత్తి, ఊరి పొలిమేర దాకా పత్తి. జేబులో డబ్బు ఉన్నా కొనడానికి పాలూ మాంసమూ లేవు. చర్మం మీది మచ్చకి కారణం వెతుకుతూ బయల్దేరిన వైద్యుడు ఊరి చుట్టూ ఏ పంట వేశారన్న ప్రశ్న దగ్గర తేలాడు. ఇంకా విటమిన్ పేరే తెలీదు. అది నికోటినిక్ ఆమ్లమని, అంటే నియాసిన్ అని విస్కాన్సిన్‌లో కాన్రాడ్ ఎల్వెజెమ్ 1937లో తేల్చేనాటికి గోల్డ్‌బెర్గర్ పోయి ఎనిమిదేళ్ళయింది. పేరు తెలియకపోవడం ఆయన వాదానికి ఏ లోటూ చేయలేదు.

ఆయన మాటని దక్షిణ రాష్ట్రాల పెద్దలు మాత్రం అవమానంగా తీసుకున్నారు. 1920లో పత్తి ధర కూలింది, పెల్లాగ్రా పెరుగుతుందని ఆయన మరుసటి ఏడాది హెచ్చరించారు. అధ్యక్షుడు హార్డింగ్ కరువూ రోగమూ అన్న మాటలు వాడగానే, మా ప్రాంతంలో కరువేమిటని అక్కడి నాయకులు విరుచుకుపడ్డారు. 1906 నుంచి 1940 వరకు అమెరికాలో దాదాపు 30 లక్షల మంది ఈ జబ్బు పడ్డారనీ, సుమారు లక్ష మంది చనిపోయారనీ చరిత్రకారుల అంచనా.

ఇక హైదరాబాదు. ఇక్కడి కథ మొదలు కోస్తాలో ఉంది. వరి తినే ఉత్తర సర్కారు జిల్లాల్లో బెరిబెరి అనే మరో విటమిన్ లోటు జబ్బు ఉండేది. 1918లో కూనూరులో వైద్యుడు మెకారిసన్ ప్రారంభించిన పరిశోధన కేంద్రం బెరిబెరి విచారణగానే పుట్టింది. అది 1958లో హైదరాబాదుకి మారి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. హైదరాబాదు తార్నాకకి వచ్చి చూస్తే చుట్టూ జొన్న తినే నేల. పొద్దున జొన్న గటక, రాత్రి జొన్న రొట్టె, నంజుకోవడానికి మిరపకాయ తొక్కు, దొరికిన రోజున పప్పు. జీతగాళ్ళకీ కూలీలకీ గింజలే కూలి. ఆసుపత్రులకీ మానసిక రోగుల ఆసుపత్రికీ పెల్లాగ్రా రోగులు వస్తూనే ఉన్నారు. గోపాలన్‌కి ఇక్కడ ఒక చిక్కు ఎదురైంది, అమెరికాలో దానికి తావే లేదు.

మొక్కజొన్నతో పెల్లాగ్రా ఎందుకొస్తుందో అప్పటికి తెలిసిపోయింది. అందులో నియాసిన్ ఉన్నా ఒంటికి అందని రూపంలో బిగిసి ఉంటుంది. నియాసిన్‌గా మార్చుకోవడానికి పనికొచ్చే ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం కూడా అందులో తక్కువే. అరవై మిల్లీగ్రాముల ట్రిప్టోఫాన్ నుంచి ఒక మిల్లీగ్రాము నియాసిన్ తయారవుతుందని లెక్క. మెక్సికో వాళ్ళు తరతరాలుగా మొక్కజొన్నని సున్నపు నీళ్ళలో ఉడికించి తింటారు, దాంతో ఆ నియాసిన్ విడివడుతుంది. ఐరోపా వాళ్ళు గింజ తెచ్చుకున్నారు, వండే తీరు వదిలేశారు. జొన్నలో మాత్రం ట్రిప్టోఫాన్ అంత తక్కువ కాదు. పైగా పాలిష్ పట్టిన బియ్యంలో నియాసిన్ తక్కువే, అయినా సర్కారు జిల్లాల వరి కూలీకి బెరిబెరి వచ్చింది గాని పెల్లాగ్రా రాలేదు. లోటు ఒక్కటే కారణమైతే ఈ లెక్క కుదరదు.

గోపాలన్ చూపు అక్కడినుంచి లోటు మీద కాక మిగులు మీద పడింది. జొన్న ప్రోటీన్‌లో ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ, మొక్కజొన్నలోనూ ఎక్కువే. జబ్బు తెచ్చే రెండు ధాన్యాలకీ ఉమ్మడి లక్షణం అది. ఈ ల్యూసిన్ ట్రిప్టోఫాన్ నుంచి నియాసిన్ తయారయ్యే దారికి అడ్డుపడుతోందని 1960 వ్యాసం ప్రతిపాదన. మనుషులకి ల్యూసిన్ ఇచ్చి మూత్రంలో మార్పులు చూశారు. ల్యూసిన్ ఎక్కువున్న జొన్న పెట్టిన కుక్కలకి నాలుక నల్లబడే జబ్బు వచ్చింది, తక్కువున్న రకాలు పెడితే రాలేదు. గోల్డ్‌బెర్గర్ కూడా చివరి ఏళ్ళలో ఇదే నల్లనాలుక జబ్బుతో కుక్కల మీద పనిచేశారు. ఐసోల్యూసిన్ అనే మరో అమైనో ఆమ్లం ఇస్తే ల్యూసిన్ ప్రభావం తగ్గుతుందని తరవాత చూపించారు, బి6 విటమిన్ పాత్ర కూడా బయటికొచ్చింది. వాదనలో అందం ఉంది. ఒక ఆహారం మంచిదా చెడ్డదా అనే మొరటు ప్రశ్నని దాటి, అందులోని భాగాల నిష్పత్తి ఏమిటని అడిగింది.

అందం ఉన్నంత మాత్రాన నిలబడాలని లేదు. ఇతర దేశాల ప్రయోగశాలల్లో కొందరికి ఈ ఫలితాలు రాలేదు. పాల ప్రోటీన్‌లోనూ ల్యూసిన్ తక్కువేం కాదు, మరి పాలే కదా అనాథాశ్రమం పిల్లల్ని కాపాడింది అని ఎవరైనా అడగవచ్చు. పాలలో ట్రిప్టోఫాన్, ఐసోల్యూసిన్ కూడా దండిగా ఉన్నాయి కాబట్టి నిష్పత్తి మారుతుందని హైదరాబాదు బృందం తరఫున జవాబు చెప్పుకోవచ్చు. ఆ జవాబులోనే ఒక ఒప్పుకోలు దాగి ఉంది. ల్యూసిన్ హాని చేసేది మిగతావన్నీ కొరవడిన పళ్ళెంలోనే. జొన్నరొట్టెతో పాటు గిన్నెడు పప్పు, లోటాడు మజ్జిగ తాగే కాపు ఇంట్లో ఈ జబ్బు ఎందుకుంటుంది? అదే జొన్న, అదే ల్యూసిన్. తేడా పక్కన ఉన్న గిన్నెది. గోల్డ్‌బెర్గర్ అయితే ఆ గిన్నె ఎవరింట్లో ఉంది, ఎవరింట్లో లేదు అని ఊరంతా తిరిగి రాసుకునేవారు. 1960 వ్యాసం ఆ గడప ఎక్కలేదు. తక్కువ ల్యూసిన్ ఉన్న జొన్న వంగడాల కోసం వెతుకులాట సాగింది. కూలి రేటు ఎంతుండాలన్న ప్రశ్న విత్తనం ఎలా ఉండాలన్న ప్రశ్నగా మారిపోయింది.

ఇంతటితో తీర్పు చెప్పేస్తే గోపాలన్‌కి అన్యాయం. ఇండియాలో పిల్లలకి కావలసింది ప్రత్యేకంగా ప్రోటీన్ పొడులు కాదు, ముందు కడుపునిండా తిండి అని, ప్రపంచమంతా ప్రోటీన్ లోటు అంటూ గోల పెడుతున్న రోజుల్లో వాదించినవాళ్ళలో ఆయన ముందున్నారు. పేదరికం ఆయనకి తెలియనిది కాదు. ప్రయోగశాల వ్యాసంలో దానికి చోటు ఇవ్వలేదంతే. అటు గోల్డ్‌బెర్గర్ కూడా తన పెద్ద ప్రశ్నని చివరిదాకా మోయలేకపోయారు. 1927 మిసిసిపీ వరదల తరవాత, కౌలు వ్యవస్థ మారితే తప్ప ఇది పోదని తెలిసి కూడా, రెడ్‌క్రాస్ చేత బీరు ఈస్ట్ పొడి పంచిపెట్టించారు. అది పనిచేసింది, చవక కూడా. పత్తి దొరలకి అభ్యంతరం లేని వైద్యం అది. విత్తనం మార్చుదామన్న హైదరాబాదుకీ, పొడి పంచుదామన్న మిసిసిపీకీ దూరం నేను మొదట అనుకున్నంత లేదు.

పత్తి మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. తెలంగాణ మెట్ట పొలాల్లో జొన్న తగ్గి పత్తి పెరిగింది. ఆదిలాబాదు, వరంగల్ వైపు ఇప్పుడు ఇంటి గడప దాకా పత్తే. ఇన్మన్ మిల్స్ పాఠం ప్రకారం పెల్లాగ్రా విజృంభించాలి. అలా జరగలేదు. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం మొదలుపెట్టాక రేషను బియ్యం పేదల ఇళ్ళలో ముఖ్యాహారంగా స్థిరపడింది. పత్తి పొలం తిండి పెట్టకపోయినా రేషను దుకాణం పెట్టింది. ఆ బియ్యం మీద పోషకాహారం పేరుతో ఎన్ని విమర్శలున్నా, మెడ చుట్టూ ఆ నల్లపట్టీ అరుదైపోవడంలో దాని వాటా ఉందనే నేననుకుంటాను. ఇది గోల్డ్‌బెర్గర్ తరహా జవాబు. అయితే జొన్న పోయి వరి రాగానే రోగం పోయిందంటే అందులో గోపాలన్ మాట కూడా కొంత నిజమైనట్టే. ఈ రెండు పాయల్నీ విడదీసి చూపగలిగే లెక్క నా చేతిలో లేదు.

ఈలోగా జొన్నరొట్టె పెద్దింటి పళ్ళెంలోకి తిరిగొచ్చింది. పత్రికల అందం పేజీల్లో చర్మానికి మేలు చేసే చిరుధాన్యంగా కూడా కనిపిస్తోంది. తప్పేం లేదు, పప్పూ పెరుగూ గుడ్డూ కూరా ఉన్న పళ్ళెంలో జొన్న నిక్షేపంగా మంచిదే. ఆ పేజీలు రాసేవాళ్ళు ధాన్యాన్ని ఒంటరిగా నిలబెట్టి గుణగానం చేయడమే నాకు నచ్చదు. పెల్లాగ్రాని జొన్న గింజ పాపంగా చూసినవాళ్ళూ అదే పని చేశారు, తిట్టు బదులు పొగడ్త అంతే తేడా.

పెల్లాగ్రా పూర్తిగా పోలేదు. ఇప్పుడు చర్మవ్యాధుల ఓపీకి ముంజేతుల మీద నల్లటి హద్దు మచ్చలతో వచ్చేవాళ్ళలో తాగుడు వ్యసనమున్నవాళ్ళు ఉంటారు, క్షయకి ఐసోనియాజిడ్ వాడుతున్నవాళ్ళు ఉంటారు. తాగుబోతు సంగతి గోల్డ్‌బెర్గర్ లెక్కలోకే వస్తుంది, సారా తిండి స్థానాన్ని మింగేసింది. క్షయరోగి సంగతి వేరు. ఐసోనియాజిడ్ బి6ని దెబ్బతీస్తుంది, బి6 లేకపోతే ట్రిప్టోఫాన్ నియాసిన్‌గా మారదు. ఇంట్లో తిండి మరీ తక్కువేం కాకపోయినా లోపల దారి మూసుకుపోతుంది. హార్ట్‌నప్ అనే అరుదైన పుట్టుజబ్బులో పేగు ట్రిప్టోఫాన్‌ని సరిగా పీల్చుకోదు, మంచి తిండి తినే పిల్లల చర్మం మీదా ఇదే మచ్చ. ఇక్కడ ఎంత తిన్నారని అడిగితే చాలదు, తిన్నది దారిలో ఎక్కడ ఆగిందని అడగాలి. ల్యూసిన్ మీద ఆఖరి తీర్పు ఏదైనా, ఆ ప్రశ్నకి హైదరాబాదు నుంచి గట్టి గొంతు ఇచ్చింది గోపాలన్ బృందమే. క్షయరోగికి వైద్యుడు నియాసినమైడ్ మాత్రతో పాటు బి6 కూడా రాస్తాడు. ఆ తరవాత ఇంట్లో ఎవరెవరు ఏం తింటున్నారో అడిగే తీరిక ఓపీలో ఉంటే, అది కూడా అడుగుతాడు.